ఇంటి కింద చిరుగు, ఇంట్లో గొడవ

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

భర్తకు ఐటీ ఉద్యోగం పోయాక వాళ్లు పెద్ద నగరం వదిలి ఒక చిన్న యూనివర్సిటీ ఊరికి మారారు. మళ్లీ అప్పు చేయకూడదని, ఉన్న డబ్బుతో 1994లో తయారైన ఒక డబుల్ వైడ్ (రెండు సగాలు కలిపి నిలిపే) మొబైల్ హోమ్ కొన్నారు. ఇల్లు వాళ్లది, స్థలం మొబైల్ హోమ్ పార్కు (ఇలాంటి ఇళ్లకు స్థలం అద్దెకిచ్చే చోటు) వాళ్లది. నెలనెలా లాట్ రెంట్ కడుతున్నారు. ఇండియాలో ఉన్న అత్తమామలకు "సొంత ఇల్లు కొన్నాం" అని చెప్పారు, అది ఎలాంటి ఇల్లో చెప్పలేదు.

పోయిన జనవరిలో వంటగది పైపులో నీళ్లు గడ్డకట్టి పైపు పగిలింది. ప్లంబర్ ఇంటి కిందికి దూరి, అడుగున ఉన్న నల్ల షీటును కత్తితో కోసి, పైపు బాగుచేసి, కోత అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి చలిని ఆపే ఇన్సులేషన్ ఊడి కింద పడుతోంది. చలికాలమంతా నేల మంచులా ఉంది, ఇల్లు వెచ్చబెట్టే ప్రొపేన్ గ్యాసు ఖర్చు బాగా పెరిగింది, రాత్రుళ్లు కింద ఏవో గీకుతున్న చప్పుడు. భర్త ఒక టార్పాలిన్ తెచ్చి స్టేపుల్ చేసి, చుట్టూ డక్ట్ టేపు అతికించారు. కొద్ది వారాలకే ఊడింది. ఇప్పుడు బాత్రూం కింద ఇంకోచోట షీటు ఉబ్బి వేలాడుతోంది. స్కర్టింగ్ (ఇంటి అడుగు చుట్టూ మూసే పలకలు) సందులోంచి కనిపిస్తోందని పార్కు మేనేజర్ ముప్పై రోజుల్లో బాగుచేయమని నోటీసు ఇచ్చారు. ఒక కాంట్రాక్టర్ అడుగు మొత్తం మార్చడానికి ఆరున్నర వేల డాలర్లు అడిగాడు. భర్త "నేనే చేస్తాను, బయటివాళ్లెవరూ రావద్దు" అంటున్నారు కానీ వారాంతం వారాంతానికీ వాయిదా పడుతోంది. డల్లాస్‌లో ఉన్న స్నేహితురాలు "ఆ ట్రైలర్ అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి వెళ్లండి" అంటోంది (మొబైల్ హోమ్‌ను చిన్నచూపుగా ట్రైలర్ అంటారు). దసరాకు అత్తమామలు వస్తున్నారు.

"ఆయనకు చెప్పకుండా కాంట్రాక్టర్‌ను పిలవనా? ఆయన చేసేదాకా ఆగనా? అమ్మేద్దామని పట్టుబట్టనా? రాత్రి ఆ గీకుడు చప్పుడు వింటే నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌తో చచ్చిపోతున్నాను" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఇంటి కింద చిరుగు. రెండోది ఆ చిరుగు వెనక ఉన్న నీళ్ల సమస్య. మూడోది మీ ఆయనకూ ఆ ఇంటికీ మధ్య ఉన్న నామోషీ. మీరు మొదటిదాని గురించి అడిగారు. నన్ను బాధించింది మూడోది. కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది రెండోది.

ఇలాంటి ఇళ్లు తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మొబైల్ హోమ్ ఫ్యాక్టరీలో తయారై, ఇనుప దూలాల మీద లారీకి తగిలించుకుని వస్తుంది. నేల కింద చెక్క జాయిస్టులు (నేలను మోసే దూలాలు), వాటి మధ్య నీళ్ల పైపులు, హీటర్ గాలి వెళ్లే డక్టు, వాటి కింద ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్, అన్నిటికీ అడుగున నల్లటి నేత ప్లాస్టిక్ షీటు ఉంటాయి. దాన్నే అక్కడివాళ్లు బెల్లీ అంటారు. ఆ షీటు ఉన్నంతకాలం పైపులు ఇంటి వెచ్చదనంలో ఉంటాయి. అది చిరిగితే పైపులు మిస్సోరి జనవరి గాలికి నేరుగా దొరుకుతాయి. కాబట్టి ఈ చిరుగు చూడ్డానికి బాగుండదనే సమస్య కాదు. పోయిన చలికాలం పగిలిన పైపు వల్ల చిరుగు వచ్చింది. వచ్చే చలికాలం ఆ చిరుగు వల్ల ఇంకో పైపు పగలవచ్చు.

ఇప్పుడు బాత్రూం కింద ఉబ్బిన చోటు సంగతి. షీటు ఉబ్బి కిందికి వేలాడుతోందంటే చాలాసార్లు లోపల నీళ్లు నిలిచాయని అర్థం. ఆ షీటు నీటిని బయటికి పోనివ్వదు. పైన ఎక్కడో చిన్న లీకు ఉంటే నెలల తరబడి అక్కడే పోగవుతుంది. ఇన్సులేషన్ తడిసి ముద్దవుతుంది, మీ నేలకు వేసిన పార్టికల్ బోర్డు ఉబ్బి మెత్తబడుతుంది. బాత్రూంలో కమోడ్ చుట్టూ, టబ్ అంచున కాలితో నొక్కి చూడండి. మెత్తగా దిగుతోందా? దిగితే పైన అతికించే పని పూర్తిగా పక్కన పెట్టండి. చీము తీయకుండా కట్టు కడితే ఏమవుతుందో తెలుసు కదా.

దానికంటే తేలికైన పరీక్ష ఇంకోటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, వాషింగ్ మెషీన్ ఆపేసి నీళ్ల మీటరు చూడండి. అరగంట తర్వాత మళ్లీ చూడండి. అంకె కదిలితే నీళ్లు వచ్చే పైపు ఎక్కడో కారుతుండవచ్చు. కదలకపోతే లీకు మురుగు పైపులోనో, కమోడ్ అడుగున ఉండే సీలు దగ్గరో ఉండవచ్చు. ఈ పని మీరే చేయగలరు, ఇంటి కిందికి దూరక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ ఇంటి విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, దాన్ని మీ కాంట్రాక్టర్ చెప్పాడో లేదో మీరు రాయలేదు. 1978 నుంచి 1995 వరకు అమెరికాలో చాలా ఇళ్లకు, ముఖ్యంగా ఇలాంటి ఇళ్లకు, పాలీబ్యూటిలీన్ అనే బూడిద రంగు ప్లాస్టిక్ పైపులు వేశారు. అవి లోపల్నుంచి పెళుసెక్కి, అతుకుల దగ్గర పగులుతాయని తేలి, పెద్ద కోర్టు కేసు నడిచి పరిహారాలు కూడా ఇచ్చారు. మీ ఇల్లు 1994ది. ప్లంబర్ కోసిన చోటు నుంచి టార్చి వేసి చూస్తే పైపు రంగు కనిపిస్తుంది. బూడిద రంగైతే, జనవరిలో పగిలింది మొదటిది మాత్రమే కావచ్చు. అప్పుడు బెల్లీని అందంగా మూసి, ఆరు నెలలకు మళ్లీ కోయించుకోవడం దండగ. పైపులన్నీ వంగే ప్లాస్టిక్ రకమైన పెక్స్‌కు మార్పించి, అదే విడతలో బెల్లీ మూయించడం మేలు. ఖర్చు ఒకేసారి పెద్దదిగా కనిపిస్తుంది, కానీ కోసి మూసే కూలీ రెండుసార్లు ఇవ్వక్కర్లేదు. పైపు ఎరుపో నీలమో తెలుపో అయి, పెక్స్ అని అచ్చువేసి ఉంటే ఆ భయం లేదు. మీ నిర్ణయం చాలావరకు ఈ రంగు మీద ఆధారపడి ఉంది.

సరే, లీకు లేదనో బాగైందనో తేలింది అనుకుందాం. మీ ఆయన టార్పాలిన్ ఎందుకు ఊడిందో చెబితే, మిగతా పని ఎలా చేయాలో దాంట్లోనే వస్తుంది. మామూలు స్టేపుల్ గన్ పిన్ను వెనక చెక్క ఉంటేనే పట్టుకుంటుంది. బెల్లీ షీటు చాలాచోట్ల గాలిలో వేలాడుతుంది, వెనక చెక్క ఉండదు. ఈ పనికి పిన్ను కాళ్లు గుడ్డ వెనక బయటివైపుకు విచ్చుకునే స్టేప్లర్ వేరే ఉంటుంది. దాంతో షీటుకు షీటును కుట్టినట్టు కలపవచ్చు. ఇక డక్ట్ టేపు చలికీ తేమకూ నిలవదు. మొబైల్ హోమ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో బెల్లీ కోసమే చేసిన వెడల్పాటి టేపు దొరుకుతుంది, నాలుగంగుళాల నుంచి రెండడుగులకు పైగా వెడల్పు దాకా. అది కూడా దుమ్ము మీద అతకదు. గుడ్డతో తుడిచి, రబ్బింగ్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి, ఆరాక అతికించాలి. వాతావరణం 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైన ఉన్నప్పుడే మంచిది. అందుకే సెప్టెంబరులో చేయాల్సిన పనిని నవంబరుకు తోస్తే ఎంత మంచి టేపైనా మోసం చేస్తుంది.

చిన్న చిరుగుకు అన్నివైపులా కొన్ని అంగుళాలు ఎక్కువ ఉండేలా టేపు ముక్క చాలు. ప్లంబర్ కోసిన లాంటి పెద్ద కోతకు అదే రకం నల్ల షీటు రోలు కొని, కోతకంటే బాగా పెద్ద ముక్క కోసి, అంచులు పాత షీటుకు కుట్టి, ఆపైన టేపు వేయాలి. బరువు మోసే చోట సన్నటి చెక్క పట్టీలు పెట్టి జాయిస్టులకు స్క్రూలు బిగించాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఊడిపడిన ఇన్సులేషన్‌ను పైపు పైన, నేలకు ఆనించి దోపుతారు. అలా చేస్తే నేల వెచ్చగానే ఉంటుంది, పైపు మాత్రం గడ్డకడుతుంది. ఇన్సులేషన్ ఎప్పుడూ పైపుకు కింద ఉండాలి, పైపు ఇంటివైపు ఉండాలి. తడిసిందీ ఎలుకలు గూడు కట్టిందీ మళ్లీ వాడకండి. కొత్తది కొనండి.

పైపులు, వైర్లు షీటును దాటే చోట్ల ఉన్న సందులకు ఫోమ్ కొట్టవచ్చు. ఎలుకలు ఫోమును కొరికేస్తాయి కాబట్టి ముందు స్టీల్ వూల్ (ఇనుప పీచు) కుక్కి, ఆపైన ఫోమ్ వేయాలి. పావు అంగుళం సందు చాలు చిట్టెలుక దూరడానికి. ఒక్క జాగ్రత్త. కొన్ని ఫర్నేసులు (ఇల్లు వెచ్చబెట్టే యంత్రాలు), వాటర్ హీటర్లు మండటానికి కావలసిన గాలిని ఇంటి కింద నుంచే తీసుకుంటాయి. దానికోసం నేలలో, బెల్లీలో కావాలని వదిలిన రంధ్రం ఉంటుంది. దాన్ని చిరుగనుకుని మూసేస్తే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ చేరవచ్చు. ఏది చిరుగో ఏది దారో తెలియకపోతే ముట్టుకోకండి, ఫర్నేసు మనిషిని అడగండి. బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు గొట్టం ఇంటి కిందే ఆగిపోయిందేమో కూడా చూడండి. అది స్కర్టింగ్ దాటి బయటికి రావాలి. లేకపోతే ఆ తేమ అంతా బెల్లీకే చేరుతుంది.

ఫర్నేసు ఫ్యాన్ వేసినప్పుడు షీటు గాలితో ఉబ్బుతోందా అన్నది కూడా ఒకరు కింద నుంచి గమనించాలి. ఉబ్బితే లోపల డక్టు చిరిగిందన్నమాట. మీ ప్రొపేన్ డబ్బులో కొంత ఇంటి కింది మట్టిని వెచ్చబెట్టడానికి పోతోంది. డబుల్ వైడ్‌లో రెండు సగాలను కలిపే పెద్ద గొట్టం కింద ఉంటుంది. అది నేలకు తాకి నలిగిందేమో, ఊడిందేమో ముందు అక్కడ చూడండి.

ఇక మీ ఆయన ఒంటరిగా దూరడం గురించి. చేతనైన మనిషే అనిపిస్తోంది, పని నేర్చుకోగలరు కూడా. కానీ ఆ ఇంటి కింద రాత్రుళ్లు గీకుడు చప్పుడని మీరే రాశారు, అవి ఎలుకలే కావచ్చు. వాటి పెంటికల దుమ్ము పీల్చడం వల్ల హంటా వైరస్ సోకవచ్చు. అరుదే, కానీ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. చీపురుతో ఊడ్చకూడదు, వాక్యూమ్ పెట్టకూడదు. ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లవ్స్‌తో తుడిచి తీయాలి. మిస్సోరిలో బ్రౌన్ రెక్లూజ్ అనే విషపు సాలీళ్లు మామూలే. మాస్కు, కళ్లద్దాలు, ఒళ్లంతా కప్పే సూటు లేకుండా వెళ్లవద్దనండి. ఆ చోటి కరెంటు బ్రేకరు ఆపాలి. తడి ఇన్సులేషన్‌లో వైరు ఎక్కడ తెగిందో చూడకుండా చెప్పలేం. నీళ్లు నిలిచిన చోటును ఎదురుగా పడుకుని కోయవద్దు. పక్కకు తప్పుకుని, బకెట్ పెట్టి, చిన్న రంధ్రంతో మెల్లగా దించాలి. వచ్చే నీరు శుభ్రంగా ఉందా, కంపు కొడుతోందా అన్నదాన్ని బట్టి అది ఏ పైపు నీరో కూడా తెలుస్తుంది. ఎవరైనా బయట నిలబడి మాట్లాడుతూ ఉండాలి. ఆ మనిషి మీరే కావచ్చు.

ఇప్పుడు మీరడిగిన మూడు ప్రశ్నలకు వస్తాను.

ఆయనకు చెప్పకుండా కాంట్రాక్టర్‌ను పిలిస్తే ఇల్లు బాగవుతుంది, కానీ మీ ఆయన "నా చేత కాదని తేల్చేసింది" అనుకుంటారు. ఉద్యోగం పోయిన మనిషికి ఆ మాట మామూలు కంటే లోతుగా తగులుతుంది. పైగా ఆరున్నర వేలు అన్నది అడుగు మొత్తం మార్చే ఖరీదు. మీరు రాసినదాన్ని బట్టి చిరుగు రెండుచోట్లే. మొత్తం పాడైపోయి, షీటు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంటే తప్ప అంత పని అవసరం లేదనే నా అభిప్రాయం. మొబైల్ హోమ్ పని తెలిసిన మరో ఇద్దరి చేత చూపించి, ప్యాచీకి ఎంత, మొత్తానికి ఎంత అని విడివిడిగా రాయించుకోండి.

ఆయన చేసేదాకా ఊరికే ఎదురుచూస్తే ఖర్చు ఉండదు. కానీ గడువు మీది కాదు, మేనేజర్‌దీ చలికాలానిదీ. నేనైతే పనిని పంచేస్తాను. లీకు వెతకడం, పైపులు, డక్టు, తడి చోటు తెలిసిన మనిషికి. ఆరాక ప్యాచీలు, సందులు, స్కర్టింగ్ మీ ఇద్దరికి. ఆయన చేతికీ పని మిగులుతుంది, ప్రమాదం ఉన్న భాగం బయటివాళ్లు చూసుకుంటారు. తారీఖు మాత్రం ఇద్దరూ కూర్చుని ఇప్పుడే పెట్టుకోండి. "ఈ ఆదివారం చూద్దాం" అన్నది తారీఖు కాదు.

డబ్బు ఇబ్బందైతే ఇంకో దారి ఉంది. 1976 నుంచి నడుస్తున్న వెదరైజేషన్ అసిస్టెన్స్ (ఇళ్లలో వెచ్చదనం వృథా కాకుండా బాగుచేసే) అనే ఫెడరల్ పథకం మొబైల్ హోములకూ వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పేదరిక రేఖకు రెండు రెట్ల లోపు ఉంటే సాధారణంగా అర్హత ఉంటుంది. మీ కౌంటీకి (జిల్లా లాంటిది) చెందిన కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీని, అంటే తక్కువ ఆదాయం వాళ్లకు సాయపడే స్థానిక సంస్థను, అడగండి, మీ వీసా స్థితికి వర్తిస్తుందా అన్నది కూడా అప్పుడే అడగండి. బెల్లీ మూసి లోపల ఇన్సులేషన్ ఊదడం వాళ్లకు అలవాటైన పనే. రెండు చిక్కులున్నాయి. వరుసలో ఎదురుచూడాలి, ముప్పై రోజుల నోటీసుకు అది పనికిరాదు. లీకు బాగుచేయనిదే చాలాసార్లు పని మొదలుపెట్టరు.

అమ్మేయడం గురించి మీ స్నేహితురాలు చెప్పింది పూర్తిగా తప్పని అనను. లాట్ రెంటు ఏటా పెరుగుతుంటే, ఇంటి విలువ మాత్రం పెరగకపోవచ్చు. స్థలం మీది కాదు కదా. డబుల్ వైడ్‌ను విప్పి వేరేచోటికి తరలించడం వేల డాలర్ల పని, అంత పాత ఇంటిని చాలా పార్కులు రానివ్వవు. అందుకే అమ్మినా అక్కడే ఉండేవాళ్లకు అమ్మాలి. కింద చిరుగు వేలాడుతుండగా, లోపల తడి ఉండగా అమ్మితే కొనేవాడు బాగుచేసే ఖర్చుకంటే ఎక్కువే తగ్గించవచ్చు. అమ్మాలనుకున్నా ముందు బాగుచేయాల్సిందే. కాబట్టి ఆ నిర్ణయాన్ని వచ్చే వసంతానికి వాయిదా వేయడంలో నష్టం లేదు. ఈలోగా అపార్ట్‌మెంట్ అద్దె ఎంతో, మీ లాట్ రెంటూ ప్రొపేనూ కలిపి ఎంతో కాగితం మీద రాసి చూడండి. స్నేహితురాలి నోట్లో "ట్రైలర్" అన్న మాట వినపడ్డ తీరును మాత్రం ఆ లెక్కలో కలపకండి.

ఇక అత్తమామలు. బయటివాళ్లెవరూ రావద్దని మీ ఆయన అంటున్నది కాంట్రాక్టర్ గురించి కాదేమో అనిపిస్తోంది. పని చేయడానికి మనిషి వస్తే చూస్తాడు, చూస్తే ఇది ఎలాంటి ఇల్లో ఇంకొకరికి తెలుస్తుంది. దసరాకు అమ్మానాన్నలకు తెలుస్తుంది. ఆ రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఆయన ఆ ఇంటి కింది చిరుగు వైపు చూడలేకపోతున్నారేమో. ఇది నా ఊహే. ఆయన్నే అడగండి, కానీ పని గురించి గొడవ పడుతున్నప్పుడు కాదు.

రాకముందే చెబితే రెండు రోజులు ఫోన్లో మాటలు పడవచ్చు. "ఫ్యాక్టరీలో చేసిన ఇల్లేమిటి, స్థలం మనది కాదా" అని మామగారు అడగవచ్చు. అడగనివ్వండి. అప్పులేకుండా కొన్నాం, స్థలానికి అద్దె కడుతున్నాం అని మీ ఆయన నోటితోనే చెప్పించండి, మీరు చెప్పకండి. వీడియో కాల్‌లో వంటగది, వాళ్లు పడుకోబోయే గది చూపించమనండి. చెప్పకుండా ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తే ఆ మాటలే మీ గుమ్మం ముందు, మనవలెదుట, జెట్‌లాగ్‌తో ఉన్న పెద్దవాళ్ల నోట వస్తాయి. ఇల్లు ఎలాంటిదన్న దానికంటే ఇన్నాళ్లు దాచారన్నదే వాళ్లకు కష్టంగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా మీ అత్తగారికి మీరు రహస్యంగా ముందే చెప్పేయడం మాత్రం వద్దు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ మీ ఆయనకు అది వెన్నుపోటుగానే కనిపిస్తుంది.

పార్కు నోటీసుకు ఈ వారమే జవాబు రాయండి. మాటగా కాదు, ఈమెయిల్‌లో. లీకు పరీక్ష చేయించామని, ఫలానా తేదీకి మనిషి వస్తున్నాడని, ఇంకో మూడు వారాలు కావాలని అడగండి. తేదీ ఉన్న ఉత్తరానికి మేనేజర్లు సాధారణంగా కాదనరు. బెల్లీ మీ బాధ్యతే. కానీ వాన పడ్డప్పుడు లాట్ వాలు వల్ల నీళ్లు మీ ఇంటి కిందికి చేరుతుంటే అది ఎవరి పనో లీజులో చూడండి, ఆ ఫోటోలు కూడా జతచేయండి. ఎంత బాగా మూసినా కింద నేల తడిగా ఉంటే తేమ పైకే వస్తుంది. మట్టి మీద 6 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మందం ప్లాస్టిక్ షీటు, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరవడం ఆ ఇళ్లకు మామూలుగా చేసే పని. మీకు లేకపోతే ఈ విడతలోనే వేయించండి.

పిలిచిన మనిషికి డబ్బంతా ముందే ఇవ్వకండి. పైపు బాగుచేశాక, ఇన్సులేషన్ పెట్టాక, షీటు మూయకముందు ఒకసారి ఫోటోలు తీయమనండి. మూశాక ఇంకోసారి తీయమనండి. పైపు కింద ఇన్సులేషన్ ఉందో లేదో మొదటి ఫోటోలోనే కనిపిస్తుంది, ఆ తర్వాత ఇక చూడలేరు. రెండూ చేతికొచ్చాక మిగతా డబ్బు ఇవ్వండి.